రసజ్ఞ అడిగిన రిమ్

పడ్డందుకు రసజ్ఞకు కోపం రాలేదు. ఖాజాగూడ బండల మీద సైకిలు తొక్కేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు పడతారు. లేచి దులుపుకుని, వెనక చక్రం అప్పడంలా వంకర తిరిగి ఉండడం చూశాకే ఒళ్ళు మండింది. కొత్త రిమ్. వేయించుకుని వారం కూడా కాలేదు.

పెద్ద బండ పక్కనున్న కాలిబాటలో సైకిలు నడిపించుకుంటూ మధుసూదన్ గబగబా దిగి వచ్చాడు.

“దెబ్బ తగిలిందా?”

“మోచెయ్యి గీసుకుంది. అది వదిలెయ్. ఈ రిమ్ చూడు. ఇంతమాత్రం ఎత్తుకే ఇలా అయిపోతుందా?”

మధు రిమ్ వైపు చూడలేదు. మబ్బు పట్టిన ఆకాశం వైపు చూసి, “వాన వచ్చేట్టుంది, పోదాం పా” అన్నాడు.

ఇద్దరిదీ సైబర్ టవర్స్‌లో ఒకే కంపెనీ. ఆ కొత్త భవనం చుట్టూ అప్పట్లో బండలు, తుప్పలే. రసజ్ఞ కాకినాడ పిల్ల. తండ్రికి విద్యుత్ శాఖలో ఉద్యోగం, చందానగర్‌లో ఇల్లు. మధుది ప్రొద్దుటూరు, మియాపూర్‌లో గది అద్దెకు తీసుకున్నాడు. ఆదివారం పొద్దున బండల మీద సైకిలు తొక్కే పిచ్చే ఇద్దరినీ కలిపింది. రసజ్ఞ పెద్ద బండ మీంచి దూకిస్తుంది. మధు అక్కడికి రాగానే దిగి నడుస్తాడు.

భోజనాల వేళ ఆఫీసు ఇంటర్నెట్‌లో రిమ్‌ల గురించి రసజ్ఞ చదవనిది లేదు. తేలికపాటిది రోడ్డు మీద బాణంలా పోతుంది గాని, రాయి గట్టిగా తగిలితే లొంగిపోతుంది. బండలకు వెడల్పుగా, లోపల రెండు గోడలున్న రిమ్ కావాలి. బరువుంటుంది, కానీ తట్టుకుంటుంది. అప్పట్లో అలాంటివి బెంగళూరులోనే దొరికేవి. ఆఫీసు పని మీద బెంగళూరు వెళ్తూ మధు ఇద్దరి వెనక చక్రాలూ పట్టుకెళ్తానన్నప్పుడు ఈ మాటే చిలక్కి చెప్పినట్టు చెప్పింది. తిరిగొచ్చి అతను, “నువ్వడిగిన దానికన్నా మంచిది వేయించినా” అన్నాడు. రసజ్ఞ మురిసిపోయింది. టైరు విప్పి చూడాలన్న ఆలోచనే రాలేదు.

ఆటోలో సైకిళ్ళు రెండూ వేసుకుని చందానగర్‌లో లింగమూర్తి షాపుకు చేరారు.

“ఏందమ్మా, మీ అన్న సైకిల్ గిట్ల జేసినవ్?” అన్నాడు లింగమూర్తి.

“నాకు అన్నయ్య లేడు. సైకిలు నాదే.”

“బండల మీద నువ్వు తొక్కుతవా?”

“తొక్కకూడదా?”

“ఊకెనే అడిగిన తల్లీ. ఫికర్ జెయ్యకు, జూస్త.”

టైరు ఊడొచ్చింది. రసజ్ఞ వంగి చూసింది. రేకులాంటి ఒంటిగోడ రిమ్. మధు సైకిలు వైపు తిరిగింది.

“నీది కూడా విప్పించు.”

“నాదెందుకు? బాగుంది కదా.”

“అందుకే.”

రెండో టైరు ఊడింది. వెడల్పాటి రిమ్, లోపల రెండో గోడ దర్జాగా మెరుస్తోంది. మధు చెవులు ఎర్రబడ్డాయి.

“నేనడిగింది నీ సైకిలుకెక్కింది,” అంది రసజ్ఞ. “పెద్ద బండ రాగానే దిగి నడిచేవాడివి, నీకెందుకది?”

“కోపం చేసుకోవద్దు రసజ్ఞా. షాపులో రెండూ పట్టుకుని చూస్తి. ఆ రిమ్ శానా బరువుండె. ఎక్కేటప్పుడు కష్టపడతావనుకుంటి. ఇంకోటేమంటే... తేలికదైతే ఆ బండ మీంచి దూకవు, జాగ్రత్తగా పోతావని...”

“తేలికదని తెలిస్తే కదా జాగ్రత్త పడేది? గట్టిదనుకునే దూకాను.”

అంత తెలివైన ఇంజనీరుకు ఈ సంగతి ఇప్పుడే తట్టినట్టుంది.

“నువ్వు పడతావేమోనని భయమేసె” అన్నాడు మెల్లగా.

“భయం నీది. దాన్ని తెచ్చి నా చక్రానికెందుకు బిగించావు?”

అప్పుడే వాన మొదలైంది. మధు గొడుగు చాచాడు. రసజ్ఞ దాన్ని చూడనట్టే దాటి, సైకిలు షాపులోనే వదిలి, తడుస్తూ ఇంటికి నడిచింది.

ఇంట్లో తండ్రి సీతారామాంజనేయులు సంగతంతా విని, “పాపం, నీ మంచికేగా చేశాడు” అన్నాడు. దాంతో ఆయన మీదా కోపం వచ్చింది.

మర్నాడు సాయంత్రం మధు గుమ్మం ముందు ప్రత్యక్షమయ్యాడు. పక్కన ఆమె సైకిలు. ముఖం వెలిగిపోతోంది.

“నా రిమ్ తీయించి నీ చక్రానికి వేయించినా. ఇంక గొడవే లేదు.”

రసజ్ఞ ఆ చక్రం వైపైనా చూడలేదు.

“నన్నడిగావా?”

“నీకు కావాల్సింది అదే కదా?”

“నన్నడిగావా అంటున్నాను.”

కాఫీ గ్లాసుతో వచ్చిన తల్లి రత్నమాల గుమ్మంలోనే ఆగింది. మధు దిక్కుతోచక ఆవిడ వైపు చూశాడు.

“మీరైనా చెప్పండి ఆంటీ. తనకోసమే చేసినా.”

రసజ్ఞ తల్లి మీద కూడా విరుచుకుపడడానికి సిద్ధపడింది. ఆడపిల్లకు బండల మీద సైకిలేమిటని రోజూ సణిగే మనిషి ఆవిడ. కానీ రత్నమాల కాఫీ అతని చేతికిచ్చి అంది:

“మా ఆయనా ఇంతే బాబూ. తెల్ల వంకాయలు తెండి అంటే, ఇవి బాగున్నాయని నల్లవి తెస్తారు. వండేది నేను. ఏ కూరకి ఏవి కావాలో నాకు తెలీదా? పెళ్ళైనప్పట్నుంచీ అడుగుతున్నాను, ఇంతవరకూ జవాబు లేదు. దానికి ఏ చక్రం కావాలో దానికి తెలుసు.”

లోపల సీతారామాంజనేయులు పేపరు కాస్త పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

“నీ రిమ్ నువ్వు తీసుకెళ్ళు,” అంది రసజ్ఞ. “శనివారం బెంగళూరు వెళ్ళి నాది నేనే తెచ్చుకుంటాను.”

మధు గ్లాసు మీంచి తలెత్తాడు.

“నేనూ రావచ్చునా?”

“వద్దు.”

“సరే” అన్నాడు. కాఫీ తాగి, రిమ్ విప్పించడానికి ఆ సైకిలును లింగమూర్తి షాపుకే నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

శనివారం బస్సులో రసజ్ఞ పక్క సీటు ఖాళీగా ఉంది. రావద్దన్నది తనే. వద్దంటే బతిమాలకుండా, వాదించకుండా ఆగిపోయాడు. మెచ్చుకోవలసిన విషయమే. అయినా ఆ ఖాళీ సీటును చూసినప్పుడల్లా ఎందుకో ఉక్రోషం పొంగుకొచ్చింది.

బెంగళూరు షాపులో అమ్మేవాడు లేడీస్‌కి బాగుంటాయంటూ ఎర్రవీ నీలివీ ముందు పెట్టాడు. రసజ్ఞ వాటిని పక్కకు నెట్టి, రెండు గోడలున్న నల్ల రిమ్ అడిగి తీసుకుంది. అంచులు వేలితో తడిమింది. చువ్వలు దూరే ఒక్కొక్క రంధ్రానికీ లోహపు కట్టు ఉందో లేదో చూసుకుంది. చేతుల్లో దాని బరువు ఆమెకు హాయిగా అనిపించింది.

లింగమూర్తి చేత ఆ రిమ్ వేయించుకుని ఆ తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి, ఖాజాగూడలో బండలింకా తడారలేదు. రసజ్ఞ పెద్ద బండ అంచున సైకిలు నిలిపి కిందికి చూస్తుంటే, వెనక మధు గొంతు వినిపించింది.

“ఒకటి అడగాల.”

“రిమ్ గురించా?”

“కాదు. మా అమ్మానాయనా ప్రొద్దుటూరు నుంచి వస్తున్నారు. మీ ఇంటికి పిల్చుకుని రావచ్చునా? ఊరికే కాదు, మన గురించి మాట్లాడేదానికి. నువ్వు వద్దంటే పిల్చుకుని రాను.”

రసజ్ఞ గుండె దడదడలాడింది. దాంతో పాటే ఒళ్ళూ మండింది.

“బండ అంచున నిలబడ్డ మనిషిని అడిగే మాటా ఇది?”

“మరి ఎప్పుడడగాల?”

“ఇన్ని ఆదివారాలు ఏం చేశావు?”

జవాబు కోసం ఆగలేదు. సైకిలు ముందుకు వాలింది. చక్రాలు గాల్లోకి లేచి, ధన్ మని రాతి మీద దిగాయి. సైకిలు ఒక్కసారి ఊగి, నిలదొక్కుకుంది. రసజ్ఞ దిగి వెనక చక్రం ఎత్తి తిప్పింది. బ్రేకులకు ఎక్కడా రాసుకోకుండా తిన్నగా తిరిగింది.

మధు ఎప్పటిలాగే కాలిబాటలో సైకిలు నడిపించుకుంటూ, రెండుసార్లు జారి, మోకాళ్ళ దాకా బురదతో కిందికి చేరాడు. ఆయాసపడుతూ ఆమె ముఖంలోకి చూశాడు. ఏమీ అడగలేదు. అడగవలసింది అడిగేశాడు.

“పిల్చుకురా,” అంది రసజ్ఞ. “కానీ నాకింకా కోపం పోలేదు.”

“పోకపోయినా పర్వాలేదు,” అన్నాడు మధు. “ఎంతసేపుంటుందో చెప్తే చాలు.”

“అది మాత్రం అడక్కు,” అంది రసజ్ఞ, నవ్వు కనబడకుండా సైకిలెక్కుతూ.