పక్క జేబులో పాత బ్యాటరీ

"పదకొండు పేర్లు," అన్నాడు చీఫ్ శ్రీరామ్మూర్తి. "ఈ మధ్యాహ్నం మూడూ ఇరవై ఫ్లైట్‌లో అవి వైజాగ్ దాటితే పదకొండు శవాలు."

ఉదయం పది గంటలు. పోర్టు రోడ్డులో 'సముద్ర సరుకుల సర్వేయర్లు' అని బోర్డున్న ఆఫీసు అది. ఇంతవరకు ఒక్క సరుకునైనా సర్వే చేసిన పాపాన పోలేదు. లోపలి గదిలో తలుపులు బిగించుకుని కూర్చున్నది ముగ్గురు: చీఫ్, ఏజెంట్ కామరాజు, ఏజెంట్ దేవిశ్రీ.

ఆ పదకొండు పేర్లూ కామరాజు రాసిచ్చినవే. హార్బర్‌లో విదేశీ ఓడల మీద ఓ కన్నేసి ఉంచి, అతనికి కబురు చేరవేసే మామూలు మనుషులు వాళ్లు. ఒక క్రేన్ ఆపరేటరు, ఇద్దరు లారీ డ్రైవర్లు, టీకొట్టాయన, చేపలమ్మే అప్పాయమ్మ, ఇలాంటివాళ్లు. అప్పాయమ్మయితే మొదటిరోజే అడిగింది. "నా పేరు ఎక్కడా రాయవు కదా బాబూ? మనవలున్నోల్లం." రాయనమ్మా, ఒట్టు అన్నాడు. ఆ వారమే చీఫ్ కళ్లెర్రజేసి రికార్డు కావాల్సిందే అన్నాడు. రాసిచ్చేశాడు. ఆ తర్వాత అప్పాయమ్మ ఎదురుపడిన ప్రతిసారీ అతనికి తల దించుకోవాలనిపించేది.

"పేర్లన్నీ ఒకే ఒక్క డ్రైవ్‌లో ఉన్నాయి," చీఫ్ చెప్పుకుపోతున్నాడు. "గోరంత ఉంటుంది. కాపీ లేదు, కాపీ చేయడం కుదరదు. మొన్న మన లాకర్లోంచే మాయమైంది. తీసింది ముంగిస ముఠా. దాన్ని తెరిచే మిషన్ వాళ్లకి ఇక్కడ లేదు. అందుకే హైదరాబాద్ మీదుగా దుబాయ్ పంపిస్తున్నారు."

ముంగిస అంటే మనవాళ్లు ఆ విదేశీ ముఠాకి పెట్టుకున్న కోడ్ నేమ్.

"తీసుకెళ్లేది ఎవరు సార్?"

"నేనే," అంది దేవిశ్రీ.

కూల్ డ్రింక్ తాగుతున్నంత తీరిగ్గా అంది. రెండేళ్లుగా ఆమె ముంగిసలో మన తరఫున పనిచేస్తోంది. తెల్లటి సిల్కు చొక్కా, నల్ల కళ్లద్దాలు, గదంతా నిండిపోయిన సెంటు. ఆమె పక్కన కూర్చుంటే కామరాజుకి ఇప్పటికీ మాట తడబడుతుంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు. అదే అతనికి చిరాకు.

"వాళ్లు నాకొక స్మార్ట్ సూట్‌కేస్ ఇచ్చారు," అంది. "వేలిముద్ర లాక్, హ్యాండిల్‌లోనే తూకం, ఫోన్ ఛార్జింగ్, జీపీఎస్ ట్రాకర్. ఆ ట్రాకర్ డబ్బాలో డ్రైవ్ ఉంది. నాతోపాటు ఫ్లైట్‌లో వాళ్ల మనిషి ఉంటాడు, నేను ముట్టుకోలేను. పెట్టె చెక్-ఇన్‌లో వేస్తాను. కింద బెల్ట్ దగ్గర మీరు అసలుది తీసి నకిలీ పెట్టెయ్యండి. ముంగిసకి నకిలీ, నాకు నా ఉద్యోగం, మీకు మీ పేర్లు."

కామరాజు కొంచెం ఆలోచించాడు. "స్మార్ట్ పెట్టె అంటే లోపల బ్యాటరీ ఉంటుంది. ఎయిర్‌లైన్ వాళ్లు ఒప్పుకుంటారా?"

"లోపల బిగించేసి ఉంటే ఒప్పుకోరు. ఇది ఊడొస్తుంది. పెట్టె కిందకి, బ్యాటరీ నా హ్యాండ్‌బ్యాగ్‌లోకి. లిథియం బ్యాటరీ లగేజీలో అంటుకుంటే ఆర్పే దిక్కుండదు కదా, అందుకే ఆ రూలు." నవ్వింది. "నా మీద నమ్మకం లేదా, కామరాజు గారూ?"

ఉందనే అన్నాడు. కానీ జవాబు మరీ రెడీగా వచ్చింది. వేరెవరైనా అయితే ఒక్క క్షణం తడుముకునేవారు.

మధ్యాహ్నం రెండున్నరకి కామరాజు ఎయిర్‌పోర్ట్‌లో లగేజీ వచ్చే చోట ఉన్నాడు. మెరిసే పట్టీల జాకెట్, చమురు మరకల బూట్లు, మెడలో లోడర్ ఐడీ కార్డు. చెవిలో బఠాణీ గింజంత ఇయర్‌పీస్.

"చెక్-ఇన్ కౌంటర్ కెమెరా చూస్తున్నాను," చెవిలో చీఫ్ గొంతు. "పెట్టె మీద బటన్ నొక్కింది. బ్యాటరీ బయటికి తీసింది. కౌంటర్ అమ్మాయికి చూపించింది. హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. పెళ్లికూతురు బెల్ట్ ఎక్కింది."

పెళ్లికూతురంటే పెట్టె. ఈ కోడ్ వర్డ్స్ పెట్టేది చీఫే. ఆయన కూతురి పెళ్లి వచ్చే నెలలో.

నల్లటి పెట్టె బెల్ట్ మీద దొర్లుకుంటూ వచ్చింది. కామరాజు దాన్ని స్తంభం వెనక్కి లాగాడు. దేవిశ్రీ ఇచ్చిన సిలికాన్ వేలిముద్రతో లాక్ తెరిచాడు. ట్రాకర్ డబ్బాకి ఒకే ఒక్క స్క్రూ. విప్పాడు. లోపల గోరంత డ్రైవ్. తీసి జేబులో వేసుకుని, నకిలీది పెట్టి, మూత బిగించాడు. వాచీ చూసుకున్నాడు. ఇరవై ఎనిమిది సెకన్లు పట్టింది.

"శెభాష్!" అన్నాడు చీఫ్.

శెభాష్ ఏమిటి, నా బొంద అనుకున్నాడు కామరాజు. పన్నెండేళ్ల సర్వీసులో ఇంత సుళువుగా ఒక్క పనీ అయినట్టు గుర్తులేదు. ముంగిస వాళ్లు ఒక్క స్క్రూ వెనక దాస్తారా? జేబులో ఉన్నది అసలుదో కాదో ఆఫీసు మిషన్‌లో పెడితే తప్ప తెలీదు. ఆ తెలిసేసరికి విమానం ఎక్కడుంటుందో! అయినా ఏమని ఆపాలి? మనమనిషినే మనం పట్టుకుంటే, అది తప్పయితే, ముంగిస ఆమెని బతకనివ్వదు. పెట్టెని తిరిగి బెల్ట్ మీద పెట్టాడు. అది మెల్లగా స్క్రీనింగ్ మెషిన్‌లోకి వెళ్లి, అక్కడే ఆగిపోయింది.

"ఈ నల్ల పెట్టె పక్కన పెట్టండి," అంది మెషిన్ దగ్గర కూర్చున్న గౌరీశ్వరి. ఎయిర్‌లైన్ సెక్యూరిటీలో పదేళ్ల నుంచీ ఉన్న మనిషి. పెందుర్తి నుంచి పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చి, ఆ చిరాకంతా లగేజీ మీద చూపిస్తుందని లోడర్లు చెప్పుకుంటారు. "లోపల బేటరీ ఉంది."

"తీసేశారు కదా మేడమ్!" నోరు జారాడు కామరాజు.

"నీకెలా తెలుసు?"

"అంటే... స్మార్ట్ పెట్టెలకి తీసేస్తారు కదా అనీసి."

"తీసేస్తే ఇదేటి? నా కళ్లకి కనిపిస్తంది కదా." స్క్రీన్ మీద పెట్టె పక్క జేబులో పలకలాంటి ఆకారం చూపించింది. "గేట్‌కి ఫోన్ సేత్తన్నాను. పాసింజర్ వచ్చేదాకా ఎవలూ ముట్టుకోకండి."

ఆమె ఫోన్ అందుకుని అటు తిరగడమే ఆలస్యం, కామరాజు పక్క జేబు జిప్పు లాగాడు. నల్ల ప్లాస్టిక్ కవర్లో, పురికొసతో రెండు ముళ్లు వేసి కట్టిన బ్యాటరీ. కవరు మీద అచ్చు: 'తవిటయ్య బ్యాగ్ వర్క్స్, కంచరపాలెం.' కింద ఫోన్ నంబరు.

కవరు అక్కడే పెట్టేసి, బయట ట్రాలీల చాటుకి వెళ్లి డయల్ చేశాడు.

"తవిటయ్యేనా? ఫోన్ ఛార్జింగ్ ఉన్న నల్ల పెట్టె గురించి."

"ఆ, నానే. ఏటయింది బాబూ, జిప్పు పట్టీసిందేటి?"

"జిప్పు కాదు. పక్క జేబులో బేటరీ ఉంది. అదేటి?"

"దాని పాతదే బాబూ. మొన్న డ్రైవరు తెచ్చినాడు. బేటరీ లోపల స్క్రూలతో బిగించీసుంది, ఇలాగైతే ఇమానం ఎక్కనివ్వరట, ఊడొచ్చేలాగ సెయ్యమన్నాడు. కొత్త బేటరీ కూడా ఆలే ఇచ్చినారు. అది పట్టేలాగ గాడి కోసి, ఎక్కించీసి, పాతది కవర్లో కట్టి జేబులో పెట్టీసినాను."

"పాతది ఎందుకు పెట్టావు?"

"అదేటి బాబూ అలగడుగుతారు! పాత సామాను కస్టమరుకి ఇచ్చియ్యాల కదా. నేకపోతే తవిటయ్య మంచిది నొక్కీసి డొక్కుది ఎక్కించీసినాడంటారు. ముప్పై ఏళ్లనుండి మా కొట్టులో అదే పద్ధతి."

"డ్రైవర్‌కి చెప్పావా?"

"సెప్దామంటే ఆడు ఫోన్ దించితేనా! కార్లో ఎవలో ఆవిడుంది, దిగనే నేదు. అద్దం కూడా దించనేదు."

"కొత్త బేటరీ ఎలా ఉంది?"

"బరువే నేదు బాబూ. లోపల సగం కాళీయేమో అనిపించింది. మనకెందుకులే అనీసి బిగించీసినాను."

కామరాజు ఫోన్ పెట్టేశాడు. సగం ఖాళీ! ట్రాకర్ డబ్బాలో ఉన్నది, మనవాళ్లు ఆమె సంచి వెతక్కుండా తనని మురిపించడానికి పెట్టిన ఉత్త బొమ్మ. అసలు డ్రైవ్ కొత్త బ్యాటరీ పొట్టలో ఉంది. ఆ బ్యాటరీ, అందరి కళ్లముందే, రూలు ప్రకారమే, ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లింది. లాకర్లోంచి తీసిన చెయ్యి కూడా ఆమెదే అయ్యుంటుంది. రెండేళ్లుగా ఆమె సెంటు వాసనకే తబ్బిబ్బయిన తన మొహాన్ని తనే చెప్పుచ్చుకు కొట్టుకోవాలనిపించింది.

"సార్, దేవిశ్రీ మనమనిషి కాదు," అన్నాడు ఇయర్‌పీస్‌లోకి. రెండు ముక్కల్లో సంగతంతా చెప్పాడు.

చీఫ్ గబగబా లెక్క కట్టాడు. "మన టీమ్ రావడానికి పదిహేను నిమిషాలు పడుతుంది. గేటు పన్నెండు నిమిషాల్లో మూసేస్తారు. ఆపు, ఎలాగైనా ఆపు."

ఆపుతున్నది అప్పటికే వేరే మనిషి. లోపల గౌరీశ్వరి ఫోన్‌లో గొంతు పెంచింది. "అక్కర్లేదు పారెయ్యమంటే కుదరదు మేడమ్. పారెయ్యడానికి కూడా మీ సంతకం కావాల. విడి బేటరీ చెక్-ఇన్‌లో పెట్టినారు. మీరు రాకపోతే పెట్టె ఎక్కదు, మీరూ ఎక్కరు."

మూడూ అయిదుకి దేవిశ్రీ వచ్చింది. హైహీల్స్ టకటకలాడించుకుంటూ, భుజాన హ్యాండ్‌బ్యాగ్‌తో. కామరాజుని చూసి, ఇదేం గోల అన్నట్టు కళ్లతో అడిగింది. నాకేం తెలుసు అన్నట్టు అతను భుజాలెగరేశాడు. అబద్ధమాడటంలో ఆమెకి సరిసమానంగా నిలబడటం అదే మొదటిసారి.

"ఇది నాది కాదు," అంది కవరు చూసి.

"మీ పెట్టెలో ఉంటే మీదే. ఇక్కడ సంతకం పెట్టండి."

పెట్టింది. కవరుని, దానిమీద కంచరపాలెం అన్న అచ్చుని చూస్తూ ఒక్క క్షణం ఆగింది. ఎక్కడ దెబ్బతిన్నదీ అప్పుడే అర్థమైనట్టుంది. వెళ్లడానికి తిరిగింది.

"ఆగండి. పెట్టెలోంచి తీసిన బేటరీ మీ దగ్గరుంది కదా? అదీ చూపించండి."

"కౌంటర్‌లో చూపించాను."

"నాకు చూపించలేదు కదా."

మైకులో హైదరాబాద్ ఫ్లైట్‌కి ఆఖరి పిలుపు వినిపించింది. దేవిశ్రీ బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టింది. గౌరీశ్వరి దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"బేటరీ సత్తా, అదే వాట్-అవర్స్, ఎంతో రాసి ఉండాల. ఏదీ?"

"కొత్త మోడల్. వందలోపే."

"మీరంటే సరిపోదు మేడమ్, దానిమీద ఉండాల. లేబుల్ లేని బేటరీ ఇమానంలోకి వెళ్లదు. ఇక్కడ వదిలీసి మీరెళ్లండి."

దేవిశ్రీ మొహంలో నవ్వు చచ్చిపోయింది. చటుక్కున బ్యాటరీ లాక్కుని పరుగు తీసింది. కామరాజు రెండంగల్లో అందుకుని మణికట్టు పట్టుకున్నాడు. ఆమె మోచేత్తో అతని పక్కటెముకల మీద ఒక్కటిచ్చింది. ప్రాణం జివ్వుమన్నా చెయ్యి వదల్లేదు. బ్యాటరీ జారి సిమెంటు గచ్చు మీద పడి, బుస్సుమని పొగ కక్కింది. డ్రైవ్ కోసం పొట్ట కోసిన బ్యాటరీ మరి, దెబ్బకి ఊరుకుంటుందా! పైన నూట ఎనభై మంది మధ్య, సీటు కింద ఇదే జరిగి ఉంటే?

"జరగండి!" గౌరీశ్వరి పొడుగాటి పటకారుతో దాన్ని పట్టుకుని, మూలనున్న నీళ్ల డ్రమ్ము వైపు ఉరికింది.

"కామరాజూ! నీళ్లలో వెయ్యనివ్వకు!" చెవిలో చీఫ్ కేక. "తడిస్తే డ్రైవ్‌లో ఉన్నదంతా దానంతటదే చెరిగిపోతుంది! నీ కార్డు చూపించి ఆపు!"

అసలు ఐడీ కార్డు కామరాజు జాకెట్ లోపలే ఉంది. ఇసుక బకెట్ రెండడుగుల దూరంలో ఉంది. ఒక్క మాటంటే ఆవిడ ఆగేది. అతనికి అప్పాయమ్మ గుర్తొచ్చింది. ఈ డ్రైవ్ మళ్లీ లాకర్లోకి వెళ్తుంది. ఆ లాకర్‌కి ఇంకో దేవిశ్రీ దొరక్కపోదు.

ఇయర్‌పీస్ తీసి జేబులో వేసుకున్నాడు.

"వేసెయ్యండి మేడమ్," అన్నాడు.

బుడుంగున మునిగింది. నీళ్లు కుతకుతలాడి చల్లబడ్డాయి. ఆ కాసేపట్లోనే అతని గుండె మీంచి ఏదో బరువు దిగిపోయింది.

టీమ్ వచ్చి దేవిశ్రీ చేతులకి బేడీలు వేస్తుంటే, ఆమె అడిగింది. "నన్నెప్పుడు అనుమానించావు?"

"పొద్దున్నుంచీ. కానీ పట్టించింది నేను కాదు. కంచరపాలెంలో నువ్వు కారు దిగి ఉంటే, కొట్టు దగ్గర రెండు నిమిషాలు నిలబడి ఉంటే, ఈపాటికి గాల్లో ఉండేదానివి."

సాయంత్రం ఆఫీసులో చీఫ్ టేబుల్ మీద తడిసిన డ్రైవ్ ఉంది. మిషన్ దాన్ని మూడుసార్లు మింగి, మూడుసార్లూ ఖాళీ అని ఉమ్మేసింది. చీఫ్ తెల్లకాగితం, పెన్నూ ముందుకు తోశాడు.

"సరే, అయిందేదో అయింది. ఆ పదకొండు పేర్లూ మళ్లీ రాసివ్వు."

కామరాజు పెన్ను తీసుకున్నాడు. కిటికీలోంచి హార్బర్ వైపు చూశాడు. పెన్ను మూత పెట్టి, టేబుల్ మీద పెట్టేశాడు.

"గుర్తులేవు సార్."

"పదేళ్ల కిందటి కంటైనర్ నంబర్లు కళ్లు మూసుకుని చెప్తావు! పదకొండు పేర్లు గుర్తులేవా?"

"వయసైపోయింది సార్," అన్నాడు ముప్పై ఎనిమిదేళ్ల కామరాజు.