రేవులో ఆఖరి కేక

అసుర సంధ్య...! పడమటి ఆకాశం పచ్చి నెత్తురు కక్కుతోంది. ఉరుముల భీకర గర్జనలకు కొండలే ఉలిక్కిపడుతున్నాయి. ఎక్కడో గుడ్లగూబ... కాదు, రెండు! ఒకటి పిలుస్తోంది, రెండోది ఏడుస్తోంది!

ఆ ఎండాకాలం జలాశయం అడుగంటింది. ఏళ్ల కిందట మునిగిన ఊరు మొండిగోడలతో బురదలోంచి పైకి లేచింది. జలాశయమట! జలం పట్నానికి, ఆశ ఊరివాళ్లకి. కొండవతల వరసగా కట్టిన రేకుల గదులకు పునరావాసమని పేరు. వాసం సంగతేమో గానీ, వాసనకు మాత్రం కొదవలేదు.

ఆ గదుల్లోంచి వచ్చిన భార్యాభర్తలిద్దరు పాత రేవు మెట్ల మీద నిలబడ్డారు. ఒకప్పుడు ఆ రేవులో పడవ నడిపింది వాళ్లే. ఎదురుగా, బూడిదతో గీసిన వలయం మధ్య... పిడికెడంత కపాలం!

అది వాళ్ల కూతురిది. ఉబ్బు బుగ్గలని అందరూ ‘బుడగ’ అనేవారు. జ్వరమొచ్చి పసితనంలోనే పోయింది. జలాశయం గేట్లు మూసినప్పుడు మనుషుల కోసం లారీలొచ్చాయి. సమాధుల కోసం ఏ లారీ రాలేదు.

ఆ కపాలాన్ని తవ్వి తీసినవాడు కపాలస్వామి. తలతిక్క పనులకు తలలు పోగేసే ఘనుడు!

“హ్రాం! హ్రీం! ఫట్!”

పడవామె జుట్టు విరబోసుకుంది. కనుగుడ్లు వెనక్కి తిరిగాయి. ఆమె గొంతులోంచి పసిపిల్ల మాట!

“అమ్మా... ఇక్కడంతా బురదే!”

మొగుడు కూలబడ్డాడు. “బుడగా! బురదలో ఆడొద్దంటే ఎప్పుడైనా విన్నావుటే నువ్వు!” నవ్వబోయి బావురుమన్నాడు.

“చాలు!” స్వామి ఆమెకేసి చూసి గర్జించాడు. “పిల్ల నీ దగ్గరే ఉండిపోవాలంటే ఒక్కసారి దాని పేరు పెట్టి పిలువు. అంతే!”

అబద్ధం! తల్లి పిలుపుకు కట్టుబడ్డ ఆ పసి ఆత్మ వాడికే బానిసవుతుంది. దాన్ని ఎరవేసి, అడుగునున్న ప్రేతాలన్నిటినీ పట్టాలన్నది వాడి పన్నాగం...!

ఆమె తేరుకుని కళ్లు తెరిచింది. ఎదురుగా రేవు... చీకటి పడే వేళ... ఆఖరి పడవ కదిలే ముందు కేక వేయడం ఆమె పని. పలికినవాళ్లు పగవాళ్లయినా సరే, ఎక్కించుకోవాల్సిందే. జీవితమంతా అరిచిన గొంతు, ఆమెను అడగకుండానే అరిచేసింది.

“రేవులో ఇంకెవరైనా ఉన్నారా...!”

“ఓసి పిచ్చిదానా! పేరు పిలవమంటే ఊరిని పిలిచావేంటే!” స్వామి పళ్లు కొరికాడు.

“నేనున్నానక్కా...” బురదలోంచి ఒక గొంతు.

“వదినా, కాస్త ఆగవే, వస్తున్నా...”

“ముసలిదాన్నమ్మా... చెయ్యందుకో...”

గోడగోడనా గొంతులే! వాటన్నిటి అడుగునుంచి, భూమి చీలినట్టు ఒక మహాకంఠం... “నేనూ ఉన్నాను!”

నది!

పాత దారిలో నిలువెత్తున లేచింది. బూడిద వలయం కొట్టుకుపోయింది. “ఆగు! నిన్ను కట్టేశాను!” స్వామి కెవ్వుమన్నాడు.

“నన్ను కట్టేసినవాళ్లు నీకన్నా పెద్దవాళ్లురా!”

ఫట్ అనబోయిన నోట్లో బురద పడింది... సుడిలో గిర్రున తిరిగిన జడలు మాత్రం క్షణకాలం కనిపించాయి. ఆ తర్వాత అవీ లేవు.

నీళ్లు భార్యాభర్తల పాదాలు తడిపి, పురిటిబిడ్డను ఎత్తుకున్నంత మెల్లగా ఆ కపాలాన్ని ఎత్తుకున్నాయి. ఆమె పెదవులు కదిలాయి, మళ్లీ పిల్ల గొంతుతో. “అమ్మా, పడవెక్కేశా! అందరూ ఉన్నారు. సముద్రానికి పోతున్నాం!”

“పోనీలేవే,” అన్నాడు మొగుడు, కళ్లు తుడుచుకుంటూ. “మనం చూడని సముద్రం అదైనా చూస్తుంది.”

ఇద్దరూ ఆ నీటి వెంట గట్టునే పరుగెత్తారు. వంపు దగ్గర దానికి అడ్డంగా... ఆకాశమంత గోడ!

ఆనకట్ట.

నీళ్లు ఢీకొని ఆగిపోయాయి. వాళ్లు కట్ట ఎక్కి అవతలికి దిగారు. గేట్ల కింద గదిలో కాపలావాడు టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు.

“ఒక్క గేటు కాస్త ఎత్తు బాబూ. మా పిల్ల దాటాలి.”

“పైనుంచి ఆర్డరు లేకుండా ఎత్తితే నా ఉద్యోగం పోతుంది బాబాయ్.” ఇద్దరి మొహాలూ చూసి డబ్బా పక్కన పెట్టేశాడు. “నా చేతిలో లేదు... నిజంగా లేదు.”

ఆమె ఇనుప గేటుకు చెవి ఆనించింది. అవతల చిన్న చిన్న అరచేతుల చప్పుడు.

“అమ్మా... పడవ ఎందుకాగింది?”

ఆమె గేటును జోకొట్టింది.

“వానొచ్చేలా ఉంది తల్లీ... అందుకాపారు. నిద్రపో. సముద్రం రాగానే లేపుతాను.”