హారన్ పెట్టెలోని వాల్వు

పరుగు!

పట్టాల పక్కన, కంకర మీద, మోకాళ్లు పగిలినా సరే... పరుగు!

చీకటి పడింది. యోబు వీపు మీద వైర్‌లెస్ సెట్టు. బ్యాటరీతో కలిపి బస్తా బరువు. పారేస్తే తప్పించుకుంటాడు. పారెయ్యడు. అంజిలయ్య కోసం సాక్ష్యం చెప్పాలంటే ఇదొక్కటే దిక్కు.

"ఆగురా యోబూ!"

ఎంకయ్య గొంతు. గని వాచ్‌మన్. చేతిలో కంపెనీ తుపాకి.

థూ! పొద్దున బ్లాస్టింగ్‌లో చచ్చింది వాడి సొంత అన్న అంజిలయ్య. అన్నను చంపిన మేనేజర్‌కే తమ్ముడు కాపలా! ఇంతకంటే సిగ్గుమాలిన బతుకుంటుందా?

"వార్నింగ్ ఇచ్చిన. అంజిలయ్యనే ఇనలే," అన్నాడు మేనేజర్ బాల్‌రాజ్, శవం దగ్గర నిలబడి.

అబద్ధం! యోబు చెవులారా విన్నాడు.

ఈ సెట్టు ఒకప్పుడు కంపెనీదే. పాడైందని మూల పడేస్తే, మెకానిక్ యోబు ఇంటికి తెచ్చుకుని సరదాకు వైర్‌లెస్‌లో మాట్లాడుకునే హ్యామ్‌ల బ్యాండుకు మార్చాడు. ఫ్రీక్వెన్సీని నిర్ణయించే కంపెనీ క్రిస్టల్ బిళ్లలు రెంటిలో ఒకదాన్ని నున్నటి తాండూరు బండ మీద, పాలిష్ పొడి చల్లి అరగదీశాడు. బిళ్ల పలచబడే కొద్దీ ఫ్రీక్వెన్సీ పైకి పోతుంది. అలా అరగదీసి, అరగదీసి... ఒకరోజు హైదరాబాద్ దోస్తు పలికాడు!

లైసెన్సు లేదు. చైనా యుద్ధం ముగిసి ఏడాది కాలేదు. దొరికితే గూఢచారి అంటారు. అయినా మానలేదు. పిచ్చి!

పొద్దున ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని సెట్టు ఆన్ చేశాడు. గాజు బుడ్డీల్లాంటి వాల్వులు ఎర్రగా వేడెక్కాయి. కంపెనీ చానెల్లో బాల్‌రాజ్ గొంతు... ఒక్కటే మాట.

"పేల్చు!"

వార్నింగ్ లేదు. ఏమీ లేదు!

వికారాబాద్ పోయి పోలీసులకు చెబుదామనుకున్నాడు. రైల్వే స్టేషన్ గేటు దగ్గర తుపాకితో ఎంకయ్య! అందుకే ఈ పరుగు.

కాలు జారింది!

దభేల్మని పడ్డాడు. దొర్లుకుంటూ పట్టాల కింది తూములోకి దూరాడు. పైన బూట్ల చప్పుడు... దాటిపోయింది.

తూము నోట్లోంచి ఏరియల్ తీగను తుమ్మకొమ్మ మీదికి విసిరాడు. హైదరాబాద్ దోస్తుకు చెబితే చాలు, వాడే పోలీసులకు ఫోన్ చేస్తాడు. జేబులోంచి అరగదీసిన క్రిస్టల్ తీశాడు.

రెండు ముక్కలు!

మరీ పలచగా అరగదీశాడు. ఆశకు అంతుండాలి కదా!

మిగిలింది కంపెనీ క్రిస్టల్. అరగదీయనిది. దాంతో మాట్లాడితే పోయేది గని ఆఫీసుకే. పోనీ! ఆఫీసు సెట్టుకు పెద్ద లౌడ్‌స్పీకర్ హారన్ కలిపి ఉంది. చానెల్లో ఎవరు నోరు విప్పినా గనంతా మోగుతుంది. పేల్చే ముందు వార్నింగ్ ఇచ్చేదీ దాంట్లోనే. కూలోళ్లందరూ వింటారు. తర్వాత తను చచ్చినా ఫికర్ లేదు!

క్రిస్టల్ పెట్టాడు. మీట నొక్కాడు.

"అన్నలారా! నేను యోబును! అంజిలయ్యను మేనేజర్ చంపిండు! వార్నింగ్ ఇయ్యకుండనే పేల్చిండు! నా చెవులతోని ఇన్న!"

మీట వదిలాడు. గని ఎంతో దూరం లేదు. హారన్ ఇక్కడిదాకా దద్దరిల్లాలి.

కప్పలు అరుస్తున్నాయి. అంతే.

హెడ్‌ఫోన్ గరగరమంది.

"యోబూ..." బాల్‌రాజ్. అరిచి అరిచి పోయిన గొంతు. "హారన్ మోగది. నీకెర్క లేదా?"

యోబు హెడ్‌ఫోన్‌ను చెవికి అదుముకున్నాడు.

"పొద్దుగాల మూడుసార్లు మొత్తుకున్న. పేల్చెటోని సెట్టుల తప్ప గనిల ఎవ్వనికి ఇనపడలే. మధ్యాహ్నం హారన్ పెట్టె ఇప్పి చూస్తే... కాలిపోయిన పాత వాల్వు. మొన్ననే గద కొత్తది తెప్పిచ్చిన! యాడ పెట్టినవ్ రా?"

మూడుసార్లు...

సెట్టు ఆన్ చేశాక వాల్వులు వేడెక్కేదాకా ఏమీ వినిపించదు. వార్నింగ్ ఆ కాసేపట్లోనే అయిపోయింది. తన చెవిన పడింది ఆఖరి మాట!

కొత్త వాల్వు? ఎదురుగానే ఉంది. ఈ సెట్టులోనే. ఎర్రగా, నిండుగా వెలుగుతోంది. హైదరాబాద్‌కు తన గొంతు గట్టిగా వినపడాలని హారన్ పెట్టెలోంచి తనే తీసి, పాతదే మళ్లీ పెట్టాడు. "పాతది ఇంకొన్ని దినాలు నడుస్తది తియ్" అనుకున్నాడు.

నడవలేదు.

ఛీ! పొద్దుటినుంచి హంతకుడు హంతకుడని ఎవరిని తిట్టాడు?

హెడ్‌ఫోన్‌లో ఆడగొంతు. అంజిలయ్య పెండ్లాం బుగ్గమ్మ.

"యోబన్నా... నువ్వు తియ్యలేదని చెప్పు. ఒక్క మాట చెప్పు, నమ్ముత."

తూము నోటి దగ్గర ఓ నీడ అడ్డం వచ్చింది.

"ఎర్రగ మెరుస్తుంటే దొరికినవ్," అన్నాడు ఎంకయ్య. తుపాకి ఎక్కుపెట్టాడు. కళ్లల్లో నీళ్లు. "గదేనా? మా అన్న పానం తీసింది గదేనా?"

స్విచ్ ఆర్పితే చీకటి. తూముకు రెండో వైపు దారుంది. పారిపోవచ్చు!

యోబు ఆర్పలేదు. మీట నొక్కాడు.

"నేనే తీసిన బుగ్గమ్మా."

ఢాం!