బట్టల బుట్టలో పొగ

"నీళ్లొద్దు బాబూ, చెక్క ఉబ్బిపోతుంది!" అని అత్తగారు అరుస్తూనే ఉంది. అల్లుడు వినిపించుకోలేదు. రెండో బకెట్ కూడా ఎత్తి మంట మీద కుమ్మరించాడు.

సుయ్యిమని ఆవిరి లేచింది. నడిమిగది మూల బట్టల బుట్ట ఉండాల్సిన చోట కరిగి ముద్దయిన ప్లాస్టిక్, నల్లటి గుడ్డ పీలికలు మిగిలాయి. గోడ మీద మనిషెత్తున మసి పాకింది. అక్కడికి నాలుగడుగుల దూరంలో పడగ్గది తలుపు. దాని వెనకే నాలుగేళ్ల పాప మధ్యాహ్నం నిద్రలో ఉంది.

అతను తలుపు తోసుకుని లోపలికి దూకాడు. దగ్గుతున్న పాపను దుప్పటితో సహా ఎత్తుకుని వరండాలోకి పరిగెత్తాడు.

"నాన్నా, నీ చొక్కా తడిసిపోయింది," అంది పాప కళ్లు నులుముకుంటూ.

 అతను పాపను ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

ఈలోగా వెనక షెడ్డులో మిషన్ ఆగింది. అతని భార్య పరిగెత్తుకొచ్చింది. చెక్క నేలలు అరగదీసి, నునుపు చేసి, నూనె పట్టించడం ఆ ఇంటి పని. నలభై ఏళ్లు ఆమె తండ్రి మేస్త్రిగా చేశాడు. మోకాళ్లు మొరాయించాక, పదిరోజుల కిందట మిషన్లన్నీ కూతురి చేతిలో పెట్టాడు. పని చేయించుకునేవాళ్లు అప్పుడే ఆమెను చిన్నమేస్త్రి అని పిలవడం మొదలుపెట్టారు.

చిన్నమేస్త్రి ముందు పాపను తల నుంచి పాదాల దాకా తడిమి చూసింది. తరవాత మొగుడి చొక్కా వాసన చూసింది. మరుక్షణం అతని జేబులో చెయ్యి పెట్టింది. సిగరెట్ పెట్టె బయటికొచ్చింది.

"ఇదేంటి?"

"చెప్పేది విను..."

"పాప మీద ఒట్టేశారు కదండీ! మూడు నెలలుగా ముట్టుకోలేదన్నారు!"

"మూడు నెలలూ ముట్టుకోలేదు. నాలుగు రోజుల నుంచే మళ్లీ మొదలైంది. డ్యూటీలో ఒత్తిడి తట్టుకోలేక... ఇవాళ ఒక్కటే కాల్చాను. అదీ గేటు బయట, పొద్దున."

"ఇంట్లో కాదు?"

"ఇంట్లో కాదు."

"నాలుగు రోజులు అబద్ధమాడిన మనిషి ఐదో రోజు నిజం చెప్తాడని నేను నమ్మాలా?"

అత్తగారు అందుకుంది. "నేల మీద కుర్చీ బరబరా లాగితే ఊరుకున్నాం. బూట్లేసుకుని తిరిగితే ఊరుకున్నాం. నేను వెనకాలే తుడుచుకుంటూ వచ్చాను. ఇంటికే నిప్పు పెడితే ఎలా బాబూ?"

"అత్తయ్యా, ఈ ఇంట్లో నేలకున్న మర్యాద నాకెప్పుడుంది? ఇల్లు కాలుతుంటే కూడా చెక్క ఉబ్బుతుందనే అరిచారు!"

ప్రహరీగోడ అవతల పక్కింటి దర్జీ మెడలో టేపుతో నిలబడి, చెట్టుకు నీళ్లు పోస్తున్నట్టు నటిస్తున్నాడు. చేతిలో చెంబు ఎప్పుడో ఖాళీ అయింది.

అల్లుడు గొంతు తగ్గించాడు. "ఒక్కసారి ఆలోచించు. తెల్లవారుతూనే ముందుగదికి నూనె పట్టించావుగా? ఆ గుడ్డలేమో! కుప్ప పడితే వాటంతటవే అంటుకుంటాయని మావయ్య ఎన్నిసార్లు చెప్పలేదు?"

ఆ మాట ఆ ఇంట్లో పాపకు కూడా తెలుసు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది. గుడ్డను విప్పి గాలికి ఆరేస్తే ఆ వేడి పోతుంది. ఉండ చుట్టి పడేస్తే పోయే దారిలేక లోలోపలే రగులుతుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు, కొన్ని గంటలు చాలు. అందుకే వాడిన ప్రతి గుడ్డనూ విడివిడిగా ఆరెయ్యాలి, లేదా నీళ్ల డబ్బాలో ముంచి మూత పెట్టాలి. మేస్త్రి అన్నం తినడం మర్చిపోయిన రోజులున్నాయి కానీ, ఇది మర్చిపోయిన రోజు లేదు.

చిన్నమేస్త్రి మొహం ఎర్రబడింది. "నా పని మీదికి తోస్తావా? ఏడు గుడ్డలు. ఒక్కోదానికీ రెండేసి క్లిప్పులు పెట్టి తీగ మీద నేనే ఆరేశాను. బస్సు నడపడం నీకు నేను నేర్పానా? నా పని నాకు నేర్పకు!"

మీరు పోయి నువ్వు వచ్చింది. పెళ్లయిన ఆరేళ్లలో ఇది రెండోసారి. 

"పాపకేమైనా అయ్యుంటే?" ఆమె అరిచింది. "నాలుగడుగులు! నాలుగే అడుగుల దూరం! నువ్వు ఈ ఇంట్లో ఉండొద్దు. మీ అక్కగారింటికెళ్లు. నేను పిలిచేదాకా రాకు."

"పాపను చూడటానికైనా?"

"దానికి కూడా."

అతను మెల్లగా లేచి లోపలికెళ్లాడు. నడిమిగదిలో మామగారు కాలిన మూల దగ్గర కూర్చుని, సన్నటి ఉలితో నేల చెక్క మీద మసిని గీకుతున్నాడు. గొడవ మొదలైన దగ్గర్నుంచి ఆయన నోరు విప్పలేదు. అల్లుడు ఆయన్ని దాటుకుని వెళ్లి, రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకున్నాడు. ఆరేసిన యూనిఫాం కోసం పెరట్లోకి వెళ్లాడు.

రెండు నిమిషాలు గడిచాయి. అదే సంచితో వరండాలోకి వచ్చాడు.

"తీగ మీద ఏమీ లేదు," అన్నాడు.

"ఏంటి?"

"నా యూనిఫాం లేదు. పాప గౌన్లు లేవు. నీ ఏడు గుడ్డలూ లేవు. క్లిప్పులన్నీ కింద పడున్నాయి."

అత్తగారు నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "తొమ్మిదింటికి తుంపర పడిందిగా! బట్టలు తడుస్తాయనుకుంటూ వెళ్లేసరికి తీగ ఖాళీగా ఉంది. నువ్వే తీశావనుకున్నానే అమ్మాయ్!"

చిన్నమేస్త్రి నోరు తెరిచింది. లోపలి నుంచి గొంతు వినిపించింది.

"నేను తీశాను."

మేస్త్రి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. చేతుల నిండా మసి. "చినుకులు పడుతున్నాయని బట్టలతో పాటు గుడ్డలు కూడా లాగి బుట్టలో పడేశాను. మతి తప్పింది. వయసైపోయింది. అల్లుడి తప్పేం లేదు."

"మీరా?" అంది అత్తగారు. "మోకాలు నొప్పని పది దాకా మంచం దిగలేదుగా!"

"దిగాను. నీకు చెప్పి దిగాలా?"

 అల్లుడు మామగారి మొహంలోకి చూశాడు. కోపం వచ్చినట్టే వచ్చి జారిపోయింది. "పోనీలెండి మావయ్యా. పాప బాగానే ఉంది. అంతే చాలు." కానీ సంచి కింద పెట్టలేదు. భార్య వైపే చూస్తున్నాడు.

ఆమె అతన్ని చూడటం లేదు. పొద్దున తొమ్మిది గంటలప్పటి తనను చూస్తోంది. చెవికీ భుజానికీ మధ్య ఫోను. అవతల కొత్త నేల వేయించుకున్న ఒకావిడ. "తడి మాప్ అస్సలు వద్దండీ, గట్టిగా పిండిన గుడ్డ చాలు. కుర్చీ కాళ్ల కింద మెత్తటి బిళ్లలు అంటించండి. ఇసుక లోపలికి రానివ్వకండి, అదే గీతలు పెడుతుంది." నోరు నేల కాపాడుకోవడం నేర్పుతోంది. చేతులు తీగ మీద దొరికినవన్నీ లాగుతున్నాయి. గౌన్లు, యూనిఫాం, గుడ్డలు. అన్నీ ఒకే బుట్టలోకి. బుట్టను కాలితో మూలకు నెట్టి షెడ్డులోకి వెళ్లిపోయింది.

"నాన్నా," అంది ఆయన వైపు నడుస్తూ.

మేస్త్రి ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "కిటికీలోంచి నువ్వు తియ్యడం చూశాను. గుడ్డలు కూడా తీశావని కాలాకే తెలిసింది," అన్నాడు, దాదాపు గుసగుసగా. "నోరు మూసుకో. పని చేతికొచ్చి పదిరోజులు. ఆ దర్జీ వింటున్నాడు. సొంత ఇల్లే కాల్చుకున్న చిన్నమేస్త్రిని రేపు ఎవరు గడప తొక్కనిస్తారు? నేను ముసలాడిని. నాకేం పోతుంది?"

"ఆయన్ని వెళ్లగొడుతుంటే చూస్తూ కూర్చున్నావా నాన్నా?"

ఆయన తల దించుకున్నాడు. "గేటు దాటేలోపు చెప్పాలనే అనుకున్నాను. నీ పేరు మాత్రం రానివ్వను."

తలాడిస్తే చాలు. అంతా అక్కడితో సర్దుకుంటుంది. మొగుడు సంచి దించుతాడు, దర్జీ లోపలికి పోతాడు, ముసలాయన మతిమరుపును నాలుగు రోజులు చెప్పుకుని మర్చిపోతారు. పని నిలబడుతుంది.

అమ్మమ్మ చంకలోంచి పాప జారి దిగింది. మసి పూసుకున్న తాతను చూసింది, సంచి పట్టుకున్న నాన్నను చూసింది. తల్లి కుచ్చిళ్లు లాగింది.

"అమ్మా, నాన్న నిప్పు పెట్టలేదా?"

"లేదమ్మా."

"మరి తాత పెట్టాడా? తాతని కూడా పొమ్మంటావా?"

చిన్నమేస్త్రి కళ్లను నీళ్లు కమ్మాయి. మొగుడి చేతిలోని సంచి లాక్కుని గుండెకు హత్తుకుంది. గోడ అవతలి దర్జీకే కాదు, వీధి మలుపు దాకా వినిపించేంత గట్టిగా చెప్పింది.

"తాత కాదు తల్లీ. నాన్న కాదు. అమ్మ పెట్టింది."