ఎర్ర సిరాతో చివరి మాట

"మా నాన్న కనబడకపోతే ఊరంతా పండగ చేసుకుంటోంది మేడమ్," అంది వైనోనా టాకెట్. తండ్రి సంచిని బల్ల మీద పెట్టింది.

నెవాడా ఎడారిలో రహస్య సైనిక స్థావరం కంచెకు ఇవతలున్న ఊరు సాల్ట్‌వెల్. వైనోనా తండ్రి బర్ల్ ఇరవై ఏళ్ళుగా అక్కడి కొండ మీద కూర్చుని, ఎగిరే పళ్ళేల కోసం రాత్రంతా ఆకాశం కనిపెట్టుకుని ఉండేవాడు. రెండు రోజులుగా అతని జాడ లేదు. కొండ మీద దొరికిన అతని నోట్‌బుక్‌లో చివరి మాటలు చూసి, అతనిలాగే ఆకాశానికి కాపు కాసే తోటివాళ్ళు పొంగిపోయారు: "దిగారు. పిలిచారు. వెళ్తున్నాను." తమ వంతు ఎప్పుడా అని కూర్చున్నారే తప్ప, వెతకడానికి ఒక్కడూ లేవలేదు. ఎండకు రాళ్ళు పేలుతున్నాయి. గ్రహాంతరవాసుల సంగతేమో గానీ గ్రహపాటు మాత్రం బర్ల్ నెత్తిన దిగింది.

ప్రైవేట్ డిటెక్టివ్ హెస్టర్ క్విల్ నోట్‌బుక్ తిరగేసింది. ఆమె అసిస్టెంట్ డెల్ భుజం మీదుగా చూశాడు. ఇరవై ఏళ్ళ రాతా పెన్సిల్‌తో ఉంది. చివరి మూడు మాటలూ ఎర్ర సిరాతో, అచ్చక్షరాల్లా ఉన్నాయి. సంబరంలో పెన్ను మారిందేమో అనుకున్నాడు డెల్. బర్ల్ సంచిలో టార్చి ఉంది, దాని అద్దానికి ఎర్ర కాగితం చుట్టి ఉంది. కెమెరా లేదు. శనివారం తోటివాళ్ళ సభలో ఒక ఫొటో చూపిస్తానని తండ్రి అన్నట్టు వైనోనా చెప్పింది.

ఊళ్ళో ఉన్న ఒకే హోటల్ క్లీట్ హార్బిన్‌ది. కొండ మీద దీపాలు కనబడ్డాయన్న కబురుకు జనం విరగబడుతున్నారు. ఆకాశం అందరిదీ, అవకాశం క్లీట్‌ది. ఎగిరే పళ్ళేల పుణ్యమా అని అతని పళ్ళెం నిండుతోంది. చెవి వెనకున్న ఎర్ర పెన్ను తీసి, డెల్‌కు గుడ్లు ఎలా కావాలో రాసుకున్నాడు. కొండెక్కే తీరిక తనకెక్కడిదని నవ్వాడు.

హెస్టర్ గుడ్లు చల్లారిపోనిచ్చింది. అందరినీ అక్కడికే పిలిపించి, కిటికీల తెరలు వేయించి, నోట్‌బుక్ మీద బర్ల్ టార్చి వెలిగించింది. పెన్సిల్ రాత స్పష్టంగా ఉంది. చివరి మాటలు మాయమయ్యాయి.

"తెల్ల వెలుగు పడితే చీకట్లో చూపు ఆనదని మీరంతా ఎర్ర టార్చే వాడతారు. ఆ వెలుగులో ఎర్ర రాత కనబడదు. మీలో ఎవరైనా ఎర్ర పెన్నుతో రాస్తారా?"

ఎవరూ రాయరు. తలలన్నీ క్లీట్ చెవి వైపు తిరిగాయి.

"కొండెక్కనివాడికే ఈ సంగతి తెలియదు. ఫొటోలో ఏముంది క్లీట్? నువ్వు బెలూన్లకు కట్టి వదిలిన దీపాలేనా?"

"పెన్నుంటే నేరమా?"

"బర్ల్ బతికుంటే ఒక కేసు, పోతే హత్య. నీళ్ళు లేక రెండు రోజులైంది. నువ్వు మాట్లాడే ప్రతి నిమిషమూ అతనిదే."

క్లీట్ చెవి వెనకున్న పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు.

"పాత వెండి గనిలో," అన్నాడు క్లీట్. "కిందికి దింపి నిచ్చెన లాగేశాను. చంపాలని కాదు."

పండగ చేసుకున్నవాళ్ళే తాళ్ళూ నీళ్ళూ పట్టుకుని ముందు పరుగెత్తారు. తాడు కట్టుకుని గోతిలోకి దిగిన డెల్ టార్చి కాంతిలో బర్ల్ కళ్ళు తెరిచి, రెప్పలు ఆర్పి చూశాడు.

"మీరేనా," అన్నాడు నీరసంగా, కాస్త నిరాశగా.

"మేమే నాన్నా," అంది పైనుంచి వైనోనా ఏడుస్తూ. "ఈ గ్రహం వాళ్ళమే. సర్దుకుని పైకి రా."