మోకరిల్లని బండి

రెండు రోజులు ఊళ్ళో లేని జాఫిర్ పొద్దున్నే బస్సు దిగి ఇంటికొచ్చేసరికి, వాకిట్లో ఇంకెవరి బండో ఉన్నట్టు అనిపించింది. రంగు అదే. తలుపు మీద పైన్ కొమ్మ గీసుకుపోయిన గీత కూడా అదే. కానీ రాత్రంతా గాలి దిగిపోయి, పొద్దుటికి పొట్ట నేలకానించి పడుకునే బండి ఇవాళ నిటారుగా నిలబడి ఉంది.

సంచీ భుజాన ఉండగానే తలుపు తీసి, ఇంజను తిప్పి, బండిని కిందికి దించే మీట నొక్కాడు. ఎప్పుడూ వినబడే బుస్సుమనే చప్పుడు రాలేదు. మళ్ళీ నొక్కాడు. బండి కదల్లేదు. దిగి చక్రం పక్కన తల వంచి చూశాడు. బండి బరువు మోసే గాలి తిత్తులు ఉండాల్సిన చోట కొత్త ఉక్కు స్ప్రింగులు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి.

వంటింట్లో కూతురు వెలిక పెరుగులో రొట్టె ముంచుకుని తింటోంది. ఆమె పదిహేనేళ్ళుగా కింది ఊరి గ్యారేజీలో మెకానిక్కు. కిటికీ దగ్గర ఆయన భార్య రుమెన చేతికర్రలు గోడకానించి చిక్కుళ్ళు ఒలుస్తోంది.

"ఎవర్ని అడిగి విప్పావే?" అన్నాడు జాఫిర్.

"విప్పాల్సి వచ్చింది నాన్నా. విప్పాను."

"అది నా బండి."

"ఆగిపోయినప్పుడల్లా దాని కిందికి దూరేది మాత్రం నేను."

ఆరేళ్ళ కిందట రుమెన తుంటికి రెండోసారి ఆపరేషన్ అయ్యాక, ఆయన ఏరికోరి కొన్న బండి అది. రుమెన కాలు జానెడుకి మించి లేవదు. మీట నొక్కితే నాలుగు తిత్తుల్లోంచీ గాలి వదిలి, ఆ బండి ఒంటెలా మోకరిల్లేది. ఆమె సీటు మీద కూర్చుని కాళ్ళు లోపలికి తిప్పుకుంటే చాలు. మళ్ళీ గాలి నింపుకుని లేచేది. ఎల్లుండి ఎలియా ప్రవక్త పండగ. కొండ మీది చర్చిలో నలభై ఏళ్ళుగా మొదట కోసేది రుమెన కాల్చిన రొట్టెనే. పైకి రెండు గంటల రాళ్ళ దారి. ఇలా నిటారుగా ఉండే బండిలో రొట్టె వెళ్తుంది గానీ రుమెన ఎలా ఎక్కుతుందని జాఫిర్ బల్ల గుద్ది అడిగాడు.

వెలిక తన కారణాలు తను చెప్పింది. గాలి కొట్టే పంపు మాడిపోయింది. గొట్టాలు బీటలిచ్చాయి. నిరుడు మూడుసార్లు అడవి మధ్యలో కూలబడి లేవలేదు. ఉక్కుకి గాలితో పని లేదు. అమ్మని ఎత్తి కూర్చోబెట్టడానికి తను ఉంది.

"మూటలాగానా? అందరి ముందూ మీ అమ్మని మూటలా ఎత్తుతావా? కొత్త తిత్తులు వేయడానికి నీ చేతులు పడిపోయాయా?"

వెలిక ఇంకో రొట్టె ముక్క పెరుగులో ముంచింది. దాన్ని ఆయన ఒప్పుకోలు అనుకున్నాడు.

"అమ్మని తిప్పడం బరువైపోయిందని చెప్పు. ఇంట్లో పడి ఉంటే నీకు హాయి."

వెలిక చేతిలోని రొట్టె కింద పెట్టింది.

"వెలికా, వద్దు," అంది రుమెన. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది.

వెలిక వినలేదు. కొట్టంలోకి వెళ్ళి గోనెగుడ్డలో చుట్టినదాన్ని తెచ్చి పెరుగు గిన్నె పక్కన విసిరింది. గుడ్డ విడిపోయింది. లోపల పగిలిన రబ్బరు తిత్తి. దాని మీద అరచేయంత మేకతోలు అతుకు. మైనం పట్టించిన దారం, లోపలికి మడిచిన జంట కుట్టు, పైన పైన్ జిగురు పూత. రొడోపి కొండలన్నిటిలో ఆ కుట్టు వేసే మనిషి ఒక్కడే.

జాఫిర్ యాభై ఏళ్ళు గైడాలు చేశాడు. మేకతోలు తిత్తిలో ఊపిరి నింపి వాయించే వాద్యం అది. మూడేళ్ళుగా చేతులు వణుకుతుంటే గొట్టాలకు రంధ్రాలు తొలచడం మానేశాడు. తోలు కుట్టడం ఒక్కటే మిగిలింది. వసంతంలో బండి కుడి చక్రం దగ్గర తిత్తి సన్నగా కారుతుంటే, తోలులో ఊపిరి నిలబెట్టడం నాకు తెలియని పనా అనుకుని, ఎవరికీ చెప్పకుండా కుట్టేశాడు. గైడా తిత్తి మోసేది ఒక మనిషి ఊపిరిని. ఇది మోయాల్సింది బండిని.

"మే నెల పండగరోజు బ్యాటరీ పోయిందని చెప్పాం," అంది వెలిక. "పోయింది బ్యాటరీ కాదు. నువ్వు పైన గైడా వాయిస్తుండగా మేం కొండ దిగుతున్నాం. లోయ మలుపులో ఈ అతుకు ఊడింది. బండి అమ్మ వైపుకి కూలబడింది. అమ్మ తలుపు తీస్తే కింద నేల లేదు నాన్నా."

జాఫిర్ భార్య వైపు తిరిగాడు. ఆమె చిక్కుళ్ళ మీంచి తలెత్తలేదు.

"నేనే చెప్పొద్దన్నాను. నీకు కుట్టడం ఒక్కటే మిగిలింది. అదీ తీసేసుకుంటే నువ్వేమైపోతావోనని."

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. కొత్తది వేసి ఉండొచ్చుగా అన్నాడు.

"అప్పటికి పాతదొకటి తగిలించి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. కొత్తదీ ఏదో ఒకరోజు కారుతుంది. నువ్వు మళ్ళీ కుడతావు. అందుకే నీకు కుట్టడానికి ఏమీ మిగల్చలేదు."

జాఫిర్ పగిలిన తిత్తిని చంకలో పెట్టుకుని తన పనిగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

మధ్యాహ్నం రంపం చప్పుడు మొదలైంది. రుమెన చెవి ఒగ్గి విని, ఆల్‌బుఖారా దుంగ కోస్తున్నాడు అంది. పన్నెండేళ్ళుగా అటక మీద ఎండుతున్న దుంగ అది. చేతులు కుదురుకుంటే ఆఖరి గైడాకి గొట్టాలు చేసుకోవాలని దాచుకున్నది. వెలిక లేవబోయింది. కూర్చోమంది తల్లి.

సాయంత్రం ఆయన ఒక దారం పట్టుకుని వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా రుమెన ముందు కూర్చుని, కాలు ఎంత లేస్తుందో ఎత్తమని, ఆ కొలతకి దారానికి ముడి వేసుకుని వెళ్ళిపోయాడు.

పండగ పొద్దున బండి కుడి తలుపు దగ్గర మూడు మెట్ల పీట ఉంది. ఒక్కో మెట్టు ఆ ముడి కంటే కొంచెం తక్కువ ఎత్తు. పాదం జారకుండా మెట్ల మీద బొచ్చు పైకి ఉండేలా మేకతోలు తొడిగి ఉంది. అంచుల్లో జంట కుట్టు. కొన్నిచోట్ల వంకర పోయింది.

పీట కదలకుండా జాఫిర్ రాళ్ళ మీద మోకాళ్ళూని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. రుమెన ఆయన భుజం మీద చెయ్యేసి ఒక్కో మెట్టూ ఎక్కింది. ఎవరూ ఎత్తకుండానే సీటు మీద కూర్చుంది. కిందికి చూసి, నడినెత్తిన జుట్టంతా ఎప్పుడు ఊడిందయ్యా అని అడిగింది. ఆరేళ్ళుగా అంత ఎత్తునుంచి చూడలేదట.

జాఫిర్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. పీటని బండి వెనక పెట్టి, స్టీరింగు ముందు కూర్చున్న కూతురి వైపు చూడకుండా అడిగాడు.

"స్ప్రింగులు గట్టిగా బిగించావా?"

"నువ్వే చూసుకో నాన్నా."

ఆయన చక్రం దాకా వంగబోయి ఆగాడు. కళ్ళు తుడుచుకుని వెనక సీట్లో ఎక్కి, రొట్టెని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బిగించింది నువ్వేగా," అన్నాడు. "పోనీ."