తలకిందుల దుర్భిణి

ఆండాళు పెనం మీద జొన్నరొట్టె తిప్పుతుండగా వాకిట్లో గూడు కట్టిన కచ్చడం బండి ఆగింది. మిర్యాలగూడ నుంచి వియ్యపురాలు సోమమ్మ దిగింది. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. వెనకే కూతురు సుగుణ దిగుతుందని ఆండాళు పిండిచేతులతోనే ఎదురు వెళ్లింది. బండిలో ఇంకెవరూ లేరు.

"బిడ్డేది వదినా? ఏడో నెలల తోలుకొస్తనంటివి గద?"

"మొదలు ఒక ముచ్చట తేలాలె." సోమమ్మ అరుగు మీద కూర్చుని కుచ్చిళ్లు పిండుకుంది. "మీ కొడుకు ఆడోళ్లను తలకిందులు జేసి సూసే గొట్టం తెచ్చిండట. మా అంగట్ల నవ్వుతున్నరు. కడుపుతోటి ఉన్న కోడలిని గసొంటి ఇంటికి ఎట్ల పంపాలె?"

లోపల మొహం కడుక్కుంటున్న కొడుకు వెంకటేశం చేతిలో చెంబు ఆగిపోయింది.

అతను హైదరాబాదులో ఇంజనీరింగు చివరి ఏడు చదువుతున్నాడు. పరీక్షకు ముందు పనిలో ఉండి నేర్చుకోవాలి. నేర్చుకున్నాడని సూర్యాపేటలో ఉండే ఇంజనీరు చెప్పాలి. పోలీసు చర్యకు ముందటి గడబిడలో కోదాడ బయట, మిర్యాలగూడ బాటలో వాగు మీది కల్వర్టు కూలింది. దాన్ని మళ్లీ కట్టే పనిలో అతన్ని పెట్టారు. వాగు దగ్గర భద్రం లేదని ఎత్తులు కొలిచే దుర్భిణి పెట్టె, దాని స్టాండు, అంకెల కర్ర రోజూ ఇంటికి తెచ్చుకునేవాడు.

పోయిన వారం ఒక ఆడకూలీ ఆ దుర్భిణిలో కన్ను పెట్టింది. అవతలి గట్టు మీది మగవాళ్లు తలలు కిందికి, కాళ్లు పైకి కనిపించారు. ఆమె తట్ట వదిలేసి పరుగెత్తింది. మగవాళ్లే అట్లా ఉంటే ఆడవాళ్ల చీరలు ఏమైనట్టు? మర్నాటి నుంచి ఆడకూలీలు ఒక్కరూ రాలేదు. మట్టి, రాయి మోసేవాళ్లు లేక పని ఆగింది. వెంకటేశం ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. పొద్దెక్కినా పెట్టె దగ్గరే ఎందుకు కూర్చుంటున్నాడో ఆండాళుకు ఇప్పుడు అర్థమైంది.

కొట్టంలో పశువులకు మేత వేస్తున్న ఆండాళు మొగుడు పెద్దయ్య అంతా విన్నాడు. చేతిలోని చొప్పకట్ట పడేసి వచ్చాడు.

"ఇంజనీరువైతవని పంపితే గిదా నేర్సుకున్నది?"

"నాయినా, దాని అద్దాల తీరే అంత. మేం సూసేది కర్ర మీది అంకెలు."

"ఇగ సదువు ఖతం. ఎడ్లున్నయ్, పొలమున్నది. దున్నుకో." పెద్దయ్య పెట్టె భుజానికి ఎత్తాడు. "దీన్ని వాగుల పారేసొస్త."

వెంకటేశం రెండో కొస పట్టుకున్నాడు. "అది సర్కారుది నాయినా. పారేస్తే నా సదువు గూడ దాంతోటే పోతది."

"ఇడువు!"

"ఇడువను."

తండ్రీ కొడుకుల మధ్య పెట్టె ఊగింది.

"దించుండ్రి!" అంది ఆండాళు. ఆ గొంతుకు పెద్దయ్య తిరిగి చూశాడు. "వదిన సూసిందా? మీరు సూసిండ్రా? నా కొడుకును అంటున్నరు. నేను సూడాల్నా, వద్దా?"

పెట్టె దిగింది. వెంకటేశం వాకిట్లో మూడు కాళ్ల స్టాండు పాతి, దుర్భిణి బిగించాడు. ఆండాళు అంకెల కర్ర తెచ్చి మొగుడి చేతికిచ్చి గడ్డివాము వైపు చూపించింది.

"నేనెందుకే?"

"ఆడోళ్లను నిలబెడితే తప్పంటిరి గద."

ఆమె కన్ను పెట్టింది. పెద్దయ్య ఆకాశంలోంచి వేలాడుతున్నాడు. గడ్డివాము కూడా. కాసేపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి.

"ఏమైందే?"

"ఏం కాలే. మీ పంచె జారలే!"

సోమమ్మ అరుగు దిగింది. "నువ్వు పోయి నిలబడు వదినా. నేను సూస్త." చాలాసేపు చూసింది. "కొంగు నెత్తి మీదనే ఉన్నది. కాళ్లే పైకున్నయ్. మరి గిట్లెందుకు జేసిండ్రు బిడ్డా?"

"తిన్నగ సూపాలంటే ఇంకిన్ని అద్దాలు పెట్టాలె అత్తమ్మా, వెలుతురు తగ్గుతది. మాకు ఎత్తు తెలిస్తే సాలు. నువ్వు దిగొచ్చిన వాగు మీద కట్టే కల్వర్టు కోసమే ఇది."

సోమమ్మ తన తడి చీర చూసుకుంది. "గాడ బండి కొట్టిన కుదుపుకు నా నడుమే కదిలింది. సుగుణ ఉంటే..." కుచ్చిళ్లు దులుపుకుంది. "తొమ్మిదో నెలల పంపుత వదినా. అప్పటికి కల్వర్టు లేవాలె."

పెద్దయ్య కర్ర వదల్లేదు. "రేపు గూడ నేనే పట్టుకుంట," అన్నాడు కొడుకు మొహం చూడకుండా.

మర్నాడు వాగు గట్టున ఆయన ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో పంచె పట్టుకుని నిలబడ్డాడు. ఆండాళు కూలీ ఆడవాళ్లను ఇళ్ల నుంచి పిలుచుకొచ్చి ఒక్కొక్కరికే చూపించింది. సాలమ్మ అనే ముసలామె చూసి కేకేసింది: "పటేలా, చెయ్యి తియ్యి! జారదు!" గట్టంతా నవ్వింది. పొద్దు నడినెత్తికి రాకముందే తట్టలు లేచాయి.

సుగుణకు తొమ్మిదో నెల వచ్చేసరికి వెంకటేశం ఇంజనీరు చేత నేర్చుకున్నాడనిపించుకుని పరీక్షకు హైదరాబాదు వెళ్లిపోయాడు. కూతుర్ని తీసుకురావడానికి ఆండాళే మిర్యాలగూడ పోయింది. కోదాడ దగ్గర పడుతుంటే సుగుణ బండి పక్కకర్రను గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, వాగెప్పుడొస్తది? జర ముందుగాల చెప్పు."

ఆండాళు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"చెయ్యి తియ్యి బిడ్డా. దాటొచ్చినం."